దూడల పారుడు ప్రాజెక్టు డైరీ: ప్లేటు మీద పెరిగిందల్లా దోషి కాదు

అక్టోబరు చివర

ఈ సీజను పని మొదలైంది. ఉయ్యూరు, పామర్రు వైపు ఊళ్లలో ముర్రా గేదెలు ఈనడం ఊపందుకుంది. ఈతల వెంటే దూడల పారుడూ వస్తుంది. మా ప్రాజెక్టు ప్రశ్న ఇది: నెల లోపు దూడ పారుకుంటుంటే అందులో బాక్టీరియా పాత్ర ఎంత? ఏ బాక్టీరియా? ఏ వయసులో?

అడగడానికి తేలికే గానీ జవాబు దగ్గర చాలామంది తొందరపడతారు. పారుకుంటున్న దూడ పేడ తీసి మెకాంకీ అగార్ (బాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి పదార్థం) పోసిన ప్లేటు మీద గీస్తే మర్నాటికల్లా గులాబీ రంగు కాలనీలు నిండుగా లేస్తాయి. రిపోర్టులో ‘ఇ.కోలి పాజిటివ్’ అని రాసేస్తారు, రైతు చేతికి యాంటీబయాటిక్ చీటీ వెళ్లిపోతుంది. పక్క గుంజకి కట్టేసిన ఆరోగ్యమైన దూడ పేడ గీసి చూడండి, అవే కాలనీలు అంతే నిండుగా వస్తాయి. ఇ.కోలి పేగులో కాపురముండే జీవి. థియోడర్ ఎషెరిష్ 1885లో దాన్ని మొదటిసారి వర్ణించింది కూడా పసిపిల్లల మలంలో చూసే. అది కనపడటం వింత కాదు. కనపడినది జబ్బు చేసే రకమా, ఊరికే ఉండే రకమా అన్నది తేల్చకుండా రాసిన రిపోర్టు వల్ల దూడకి ఒరిగేదేమీ లేదు.

అందుకే ఈసారి ఒక నియమం పెట్టుకున్నాం. జబ్బు దూడ దగ్గర నమూనా తీసిన ప్రతిసారీ, అదే ఊళ్లో అదే వయసున్న ఆరోగ్యమైన దూడ దగ్గర కూడా తీయాలి. పని రెట్టింపు, మీడియా (బాక్టీరియాని పెంచే ఆహార పదార్థాలు) ఖర్చూ రెట్టింపు. అయినా దీని మీద రాజీ పడదల్చుకోలేదు.

నవంబరు మొదటి వారం

కేసు షీటు ఖరారైంది. మొదటి గడి దూడ వయసు. వారం లోపు దూడైతే రోజులతో పాటు గంటలు కూడా రాయాలి. ఎందుకంటే ఒక్కో క్రిమికి ఒక్కో వయసు కిటికీ ఉంది. కె99 అనే నూగు (ఒంటి మీద సన్నటి వెంట్రుకల్లాంటి పోగులు) ఉన్న ఇ.కోలి దాదాపు ఎప్పుడూ పుట్టిన మొదటి నాలుగు రోజుల్లోనే దెబ్బ తీస్తుంది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ సి రకం ఎక్కువగా పది రోజుల లోపు దూడల్ని పట్టుకుంటుంది. సాల్మొనెల్లా రెండో వారం దాటాక, రెండు మూడు నెలల వరకూ. రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవి ఐదో రోజు నుంచి రెండు వారాల మధ్య. మూడు వారాల దూడ పారుకుంటుంటే కె99 గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వయసు సరిగ్గా తెలిస్తే సగం రోగనిర్ధారణ పాకలోనే అయిపోతుంది.

రెండో గడి: ముర్రుపాలు ఎప్పుడు తాగింది? ‘తాగిందా లేదా’ అని అడిగితే అందరూ తాగిందనే అంటారు. ఈనిన ఎన్ని గంటలకు, ఎన్ని లీటర్లు అని అడగాలి.

మూడోది: మేం వెళ్లేలోపు ఏం మందు పడింది? ఇది చాలా ముఖ్యం. సల్ఫా బిళ్ల నూరి పట్టించాక తీసిన స్వాబ్‌లో (నమూనా అద్దే దూదిపుల్లలో) సాల్మొనెల్లా రాకపోతే, లేదని ఎలా చెప్తాం? మందు పడిన దూడల్ని విడిగా గుర్తుపెడుతున్నాం, వాటిని లెక్కలో కలపం.

కిట్టులో శుభ్రమైన స్వాబ్‌లు, నమూనా చెడకుండా ల్యాబుకి చేర్చే కేరీ-బ్లెయిర్ ట్యూబులు, ఐసు పెట్టె, థర్మామీటరు, బొడ్డుకి టింక్చర్ అయోడిన్. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సెలైన్ సీసాలు కూడా. నమూనా తీసుకుని దూడని అలా వదిలేసి రావడం నాకు చేతకాదు.

నవంబరు నడుమ

కోతల మధ్యలో ముసురు పట్టింది. పాకలన్నీ చిత్తడి. ఫోన్లు పెరిగాయి.

ఒక పెయ్యదూడ గురించి వివరంగా రాసుకోవాలి. పుట్టి రెండు రోజులు కాలేదు. వరిగడ్డి మీద పక్కకి వాలి పడుకుని ఉంది, మెడ పొట్ట మీదకి తిప్పుకుంది. కన్ను లోపలికి పోయి, కనుగుడ్డుకీ రెప్పకీ మధ్య సందు కనిపిస్తోంది. మెడ మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, చప్పరించే ఊపు లేదు. తోక మొదలంతా లేత పసుపు పేడ అట్టకట్టింది, కొత్తగా పడేది నీళ్లే. నెత్తురు లేదు. జ్వరం లేదు సరికదా, ఉష్ణోగ్రత ఉండాల్సిన దానికంటే తక్కువ.

ముందు స్వాబ్ తీశాను, వెంటనే సెలైన్ పెట్టాను. ముప్పై కిలోల దూడ ఈ స్థితికి వచ్చిందంటే ఒంట్లోంచి పది శాతం దాకా నీరు పోయి ఉంటుంది, అంటే మూడు లీటర్లు. పైగా పేడతో పాటు బైకార్బొనేట్ కూడా పోయి రక్తం ఆమ్లమవుతుంది. దూడ లేవలేకపోవడానికి, చప్పరించలేకపోవడానికి ఆ ఆమ్లత్వం పెద్ద కారణం. అందుకే ఉత్త సెలైన్‌తో సరిపెట్టకుండా బైకార్బొనేట్, డెక్స్‌ట్రోజ్ కూడా ఎక్కించాను. ఒళ్లు చల్లబడింది కాబట్టి గోనెసంచులు కప్పించాను. సాయంత్రానికి తల నిలబెట్టింది, వేలు చప్పరించింది. అప్పటి నుంచి నోటి ద్వారా ఓఆర్ఎస్.

సీసా పట్టుకుని కూర్చున్న ఇంటి మామ్మగారిని అడిగాను, ముర్రుపాలు ఎప్పుడు పట్టారని.

“మాయ పడకుండా పాలు తీస్తే గేదెకి చెరుపు కదా బాబూ! తెల్లారి మాయ వేశాకే దూడని వదిలాం. రాత్రికి గంజినీళ్లు పట్టాం.”

“ఈనింది ఎప్పుడు మామ్మగారూ?”

“నిన్న కాదు మొన్న, దీపాలు పెట్టే వేళ.”

అంటే దగ్గర దగ్గర పన్నెండు గంటలు. ఈ లోపు దూడ పాకంతా తిరిగి గోడలు, గుంజలు, తల్లి తొడలకి అంటిన పేడ నాకింది. మొదట కడుపులోకి వెళ్లింది పాకలో ఉన్న బాక్టీరియా. ముర్రుపాలు దాని వెనక వచ్చాయి. తర్వాత పిండిన పాలతో జున్ను వండి వీధి వీధంతా పంచారు.

ఆవిడని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆవిడకి వాళ్లమ్మ చెప్పింది, ఆ అమ్మకి వాళ్ల అత్త చెప్పింది. దూడ పొదుగుని గుద్ది కుడిస్తే గేదె ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవుతుందనీ, అది మాయ పడటానికి కూడా సాయం చేసేదేననీ చెప్పాను. మామ్మగారు కాసేపు ఆలోచించి, “అయితే ముందే వదలాలన్నమాట” అన్నారు.

నవంబరు చివర

ఆ దూడ నమూనా ల్యాబులో. మెకాంకీ మీద గులాబీ కాలనీలు, ఈఎంబీ అనే ఇంకో అగార్ మీద లోహంలా మెరిసే ఆకుపచ్చ. బాక్టీరియాని గుర్తుపట్టే ఐఎంవిక్ అనే నాలుగు పరీక్షల్లో మొదటి రెండూ పాజిటివ్, తర్వాతి రెండూ నెగెటివ్. ఇ.కోలి అని తేలింది. ఇంతవరకూ కొత్త సంగతేమీ లేదు, ఆరోగ్యమైన జత దూడ ప్లేటు కూడా అచ్చం ఇలాగే ఉంది.

ఇక్కడి నుంచే అసలు పని. ఒక్క కాలనీ తీసుకుంటే చాలదు. ఒకే దూడ పేగులో రకరకాల ఇ.కోలి ఉంటాయి, ఊరికే ఉండే రకం చేతికి దొరికి జబ్బు చేసే రకం జారిపోవచ్చు. ప్లేటుకి కనీసం ఐదు కాలనీలు విడివిడిగా పెంచుతున్నాం. మామూలు మీడియా మీద కె99 నూగు సరిగ్గా పెరగదు, దానికోసం మింకా అనే ప్రత్యేక మీడియా ఉంది. మేం పీసీఆర్ పెట్టి నేరుగా జన్యువుల్నే వెతుకుతున్నాం: కె99 నూగు జన్యువు ఒకటి, ఎస్టీఏ అనే వేడికి చావని విషం జన్యువు ఒకటి.

ఆ పెయ్యదూడ కాలనీల్లో రెండు జన్యువుల బ్యాండ్లూ (జన్యువు ఉంటే జెల్ మీద కనిపించే పట్టీలు) వచ్చాయి. జత దూడ కాలనీల్లో ఒక్కటీ రాలేదు. జెల్ మీద పక్కపక్క గీతల్లో ఆ తేడా చూసినప్పుడు నెలంతా తిరిగిన అలసట పోయింది.

ఈ రెండు జన్యువులూ కలిసి చేసేది ఇది. ఉత్తరేణి గింజ పంచెకి పట్టుకున్నట్టు కె99 నూగుతో బాక్టీరియా చిన్నపేగు గోడకి అతుక్కుంటుంది. పేడతో కొట్టుకుపోకుండా అక్కడే పెరుగుతుంది. ఎస్టీఏ విషం పేగు కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే సంకేత పదార్థాన్ని పెంచేస్తుంది. దాంతో కణాలు క్లోరైడ్‌ని పేగులోకి పంపేస్తాయి, దాని వెంట సోడియం, నీరు వెళ్లిపోతాయి. పేగు గోడ మాత్రం చెక్కుచెదరదు. నెత్తురు, జ్వరం ఉండకపోవడానికి కారణం అదే. దూడ పెరిగే కొద్దీ పేగు కణాల మీద ఆ నూగు పట్టుకునే చోట్లు తగ్గిపోతాయి, అందుకే ఆ నాలుగు రోజుల కిటికీ.

ఓఆర్ఎస్ పనిచేసేది కూడా గోడ చెడకపోవడం వల్లే. గ్లూకోజ్, సోడియం కలిసి లోపలికి వెళ్లే దారి తెరిచే ఉంటుంది, వాటి వెంట నీరు కూడా వెళ్తుంది. మనుషులకిచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉండేది అందుకే. దూడల ఓఆర్ఎస్‌లో సోడియం, క్షారం ఇంకాస్త ఎక్కువుంటే మేలు.

రైతులకి ఇంకో మాట గట్టిగా చెప్తున్నాం: పాలు ఆపకండి. ‘పారుకుంటుంటే పాలు పడితే ఇంకా పారుతుంది’ అని ఊరంతా అంటారు. ఓఆర్ఎస్‌లో దూడ బతకడానికి సరిపడా శక్తి లేదు. పాలు మానిపిస్తే పారుడు తగ్గాక కూడా దూడ నీరసంతో పోతుంది. పాలు పాల వేళకే, ఓఆర్ఎస్ మధ్యలో విడిగా. రెండూ ఒకే గిన్నెలో కలపొద్దు, క్షారం కలిస్తే కడుపులో పాలు సరిగ్గా గడ్డకట్టవు.

డిసెంబరు మొదట్లో

వరసగా వచ్చిన కేసుల్లో వారం దాటిన దూడలే ఎక్కువ. ఇ.కోలి అన్నిట్లోనూ ఉంది. కె99 లేదు. జత దూడలు లేకపోయుంటే వీటన్నిటినీ ఇ.కోలి ఖాతాలో రాసేసేవాళ్లం.

డిసెంబరు నడుమ

ఒక డెయిరీలో ఒకేసారి చాలా దూడలు. వయసు మూడు వారాలు, అటూ ఇటూగా. ఇక్కడ చిత్రం పూర్తిగా వేరు. జ్వరం 105 డిగ్రీల ఫారెన్‌హీట్. పేడలో నెత్తురు, జిగురు, పొరలు పొరలుగా ఊడిన పేగు తునకలు. పాక గుమ్మం దాటకముందే కుళ్లిన వాసన. తోటివాడు నా వంక చూశాడు, ఇద్దరం చేతి తొడుగులు మార్చి రెండో జత వేసుకున్నాం.

సాల్మొనెల్లా కోసం పేడని నేరుగా ప్లేటు మీద గీస్తే సరిపోదు, మిగతా బాక్టీరియా దాన్ని మింగేస్తాయి. ముందు రాప్పపోర్ట్ ద్రవంలో 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచి, అప్పుడు ఎక్స్ఎల్‌డీ అగార్ మీద గీయాలి. ఎర్రటి కాలనీ, నడుమ నల్లటి చుక్క వస్తే అనుమానించాలి. అనుమానం మాత్రమే, ఎందుకంటే ప్రోటియస్ కూడా నల్లచుక్కతో రావచ్చు. యూరియేజ్ పరీక్ష పెడితే తేలుతుంది: ప్రోటియస్ యూరియాని విడగొట్టి మీడియాని గులాబీ చేస్తుంది, సాల్మొనెల్లా చేయదు. మా ప్లేట్లలో నల్లచుక్క కాలనీలు చాలానే వచ్చాయి. యూరియేజ్ దాటి నిలబడ్డవి కొన్నే. వాటిని సీరోటైపింగ్‌కి (సాల్మొనెల్లాలో ఏ ఉపరకమో తేల్చే పరీక్షకి) ఇజ్జత్‌నగర్‌లోని జాతీయ సాల్మొనెల్లా కేంద్రానికి పంపుతున్నాం. దూడల్లో ప్రధానంగా చెప్పేవి టైఫిమ్యూరియం, డబ్లిన్.

ఒకసారి నెగెటివ్ వస్తే లేదని కాదు. ఈ క్రిమి పేడలో ఒక రోజు పడుతుంది, ఒక రోజు పడదు. ఆ డెయిరీలో నమూనాలు మళ్లీ మళ్లీ తీస్తున్నాం.

ఇక్కడ ల్యాబు కంటే ముఖ్యమైన పని ఒకటుంది. ఇది మనుషులకీ వస్తుంది. పనివాళ్ల పిల్లలు ఆ దూడల పక్కనే ఆడుకుంటున్నారు. అక్కడ పనిచేసే ఆడవాళ్లని కూర్చోబెట్టి చెప్పాం: జబ్బు దూడల పని చివర్లో చేయండి, సబ్బుతో చేతులు కడగండి, పిల్లల్ని ఆ కొట్టంలోకి రానివ్వకండి, పచ్చిపాలు తాగొద్దు. జబ్బు దూడలకి బకెట్ వేరు, చీపురు వేరు. యజమాని రెండు రోజుల్లో వేరే కొట్టం వేయించారు.

ఇలాంటి దూడకి యాంటీబయాటిక్ అవసరమే. రక్తంలోకి బాక్టీరియా వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి ఇంజెక్షన్ పడాలి. నేను యాంటీబయాటిక్‌కి వ్యతిరేకిని కాను, గుడ్డిగా వేయడానికే వ్యతిరేకిని.

డిసెంబరు చివర

ఫోను: “నిన్న సాయంత్రం గెంతులేసింది సార్, తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది.” వారం దూడ, బలమైనది, తల్లికి పాలు బాగా ఉన్నాయి. ఈ వర్ణన వినగానే క్లాస్ట్రిడియం గుర్తొస్తుంది. బలహీనమైన దూడల్ని వదిలి కడుపునిండా తాగినదాన్నే అది ఏరుకుంటుంది.

చచ్చిన కాసేపట్లోనే కోయాలి. ఆలస్యమైతే శవంలో ఈ బాక్టీరియా తనంతట తనే పెరిగిపోతుంది, అప్పుడు దొరికినా అర్థం లేదు. పరుగున వెళ్లాం. పొట్ట కోస్తే చిన్నపేగు మూరలకి మూరలు ముదురు ఎరుపు, లోపల నెత్తురు కలిసిన ద్రవం. ఆ ద్రవాన్ని రెండు వాటాలు చేశాం. ఒకటి వండిన మాంసం మీడియాలో, గాలి తగలకుండా. ఇంకోటి విషం పరీక్షకి గడ్డకట్టించి.

సి రకం చేసే బీటా విషాన్ని మామూలుగా పేగులోని ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైము ముక్కలు చేసేస్తుంది. ముర్రుపాలలో ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, పాలలోని యాంటీబాడీలు జీర్ణం కాకుండా కాపాడటానికి. ఈ క్రిమి ఆ రక్షణనే వాడుకుంటుంది. పసిదూడల్లోనే ఇది ఇంత తీవ్రంగా ఉండటానికి అదొక కారణం. ఈ రోగం చదివిన ప్రతిసారీ ఈ సంగతి దగ్గర ఆగిపోతాను.

రక్తం కలిపిన అగార్ మీద కాలనీ చుట్టూ రెండు వలయాలు వచ్చాయి: లోపల స్పష్టంగా, బయట మసకగా. పెర్‌ఫ్రింజెన్సే. కానీ ఏ రకం అన్నది విషం జన్యువుల పీసీఆర్ చెప్పాలి. ఎ రకం ఆరోగ్యమైన పేగులోనూ ఉంటుంది, కాబట్టి అదొక్కటే దొరికితే కేసు ముగిసినట్టు రాయను.

సంక్రాంతి లోపు

బాక్టీరియా కానివి కూడా రాసి పెట్టుకోవాలి, లేకపోతే మన ప్రాజెక్టు కళ్లద్దాల్లోంచే అన్నీ కనిపిస్తాయి. మూడు వారాలు దాటిన గేదె దూడల్లో మట్టిరంగు, జిగట, కంపు పేడ అంటే ముందు ఏలికపాముల్నే చూడాలి. టాక్సోకారా అనే ఈ ఏలికపాముల పిల్లపురుగులు తల్లి పాలతోనే దూడలోకి వస్తాయి. పేడని మైక్రోస్కోపు కింద పెడితే గుడ్లు కనిపించేస్తాయి. రెండో వారంలో పైపరజీన్ పడితే చాలా ఇళ్లలో ఈ గొడవే ఉండదు. క్రిప్టోస్పోరిడియం కోసం మార్చిన జీల్-నీల్సన్ రంగు వేస్తున్నాం, నీలం నేల మీద ఎర్రటి గుండ్రాలు, నాలుగైదు మైక్రాన్లు. కొన్ని స్లైడుల్లో ఉన్నాయి. వీటికి యాంటీబయాటిక్ వేయడం డబ్బు పారబోయడమే.

జనవరి

ఏ మందుకి బాక్టీరియా లొంగుతుందో చూసే పరీక్ష, ముల్లర్-హింటన్ అగార్ మీద. మందు అద్దిన కాగితపు బిళ్ల పెడితే, మందు పనిచేసే చోట చుట్టూ బాక్టీరియా పెరగని వలయం వస్తుంది. చాలా ఇ.కోలి ప్లేట్లలో ఆంపిసిలిన్, టెట్రాసైక్లిన్ బిళ్లల చుట్టూ వలయమే రాలేదు, బిళ్ల అంచు దాకా బాక్టీరియా పెరిగింది. ఆరోగ్యమైన దూడల ఇ.కోలిలోనూ ఇదే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ రెండోదే. పుట్టి పది రోజులు కాని, ఒక్క సూది పడని దూడ పేగులో మందుకి లొంగని బాక్టీరియా ఉందంటే, అది పాకలోంచీ తల్లిలోంచీ మనుషుల చేతుల్లోంచీ వచ్చినట్టే.

సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ బిళ్ల ఒక్కటే పెట్టి, పక్కన క్లావులానిక్ ఆమ్లం కలిపిన బిళ్ల పెట్టి వలయాలు కొలిచాం. తేడా 5 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే అది ఈఎస్‌బీఎల్ (ఇలాంటి యాంటీబయాటిక్‌లని విడగొట్టే ఎంజైము) చేసే రకం. అలాంటివి దొరికాయి. ఒక ఇంట్లో అటక మీద కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పాత సీసా కూడా కనిపించింది. మనుషులకి చివరి ఆసరాగా దాచుకోవాల్సిన మందు కాబట్టి పశువులకి, కోళ్లకి దాన్ని వాడకుండా 2019లో దేశమంతటా నిషేధించారు. ఎందుకు నిషేధించారో చెప్పగానే ఆ రైతు సీసా మాకిచ్చేశారు.

జనవరి చివర

ఇక ఎక్కువ శ్రద్ధ ముర్రుపాల మీద. గేదె, ఆవు మాయలోంచి యాంటీబాడీలు దూడకి చేరవు. అది పుట్టేది ఖాళీ చేతులతో. 1922లో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ దూడలకి ముర్రుపాలు ఇచ్చీ ఇవ్వకా పోల్చి చూపించింది ఇదే: ముర్రుపాలు అందని దూడలు ఇ.కోలికి బలయ్యాయి. వందేళ్లు దాటింది, మా ఊళ్లలో ఇంకా మాయ కోసం కాచుకుంటున్నారు.

పేగు ఆ యాంటీబాడీల్ని లోపలికి రానిచ్చేది ఒక్కరోజే, గంట గంటకీ ఆ తలుపు మూసుకుంటుంది. దూడ బరువులో పదో వంతు పట్టాలి. ముప్పై కిలోల దూడకి మూడు లీటర్లు, మొదటి విడత రెండు గంటల లోపు. పాల చిక్కదనానికి బ్రిక్స్ రిఫ్రాక్టోమీటరు వాడుతున్నాం. ఆవుల్లో 22 దాటితే మంచి ముర్రుపాలు అని లెక్క. గేదె పాలకి అదే గీత సరిపోతుందా అన్నది మా రీడింగులతోనే తేల్చుకోవాలనుకుంటున్నాం.

అందిందా లేదా తెలుసుకోవడానికి రెండో రోజు దూడ రక్తం తీసి సీరమ్ ప్రోటీన్ చూస్తున్నాం. డెసిలీటరుకి 5.2 గ్రాములు దాటితే ఫర్వాలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. పారుకుని నీరు పోయిన దూడలో రక్తం చిక్కబడి ఆ అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసిన రక్తాన్నే లెక్కలోకి తీసుకుంటున్నాం.

షీట్లు తిరగేస్తుంటే ఇంకో సంగతి పట్టి చూపిస్తోంది. ముర్రుపాలు ఆలస్యమైన గడిలో దున్నదూడలే ఎక్కువ. పెయ్యకి ముందు, దున్నకి మిగిలితే. అది జబ్బుపడి పాకలో పారుకుంటే ఆ క్రిములు పక్కన కట్టిన పెయ్యకే వెళ్తాయని, దున్నకి కూడా అదే మూడు లీటర్లు పట్టమని ఇంటింటికీ చెప్తున్నాం.

ఫిబ్రవరికి పెట్టుకున్న పని: క్లాస్ట్రిడియం రకం తేల్చే పీసీఆర్, సాల్మొనెల్లా డెయిరీలో నేల కడిగి సున్నం చల్లాక మళ్లీ స్వాబ్‌లు, రాబోయే ఈతలకి చూడి గేదెలున్న ఇళ్ల జాబితా. మామ్మగారింట్లో ఇంకో గేదె మాఘంలో ఈనుతుంది. ఈనే వేళకి ఫోను చేస్తానన్నారు. రిఫ్రాక్టోమీటరు, అయోడిన్ సీసా సంచీలో వేసి పెట్టాను.